మిచ్ డేనియల్స్ పాలనలో ఇండియానా ఖజానా: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పొదుపరి గవర్నర్ల మాట ఎత్తితే ముందు వినిపించే పేర్లలో మిచ్ డేనియల్స్ ఒకటి. 2005 జనవరి నుంచి 2013 జనవరి దాకా ఇండియానా గవర్నర్‌గా ఉన్న రిపబ్లికన్. అభిమానులు "లోటు ఖజానాను మిగులుగా మార్చిన మనిషి" అంటారు. గిట్టనివాళ్లు "రోడ్డు తాకట్టు పెట్టి, బడులకు కోత పెట్టి మిగులు చూపించాడు" అంటారు. ఇండియానాలోని కార్మెల్, ఫిషర్స్, కొలంబస్‌లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లూ, అక్కడి పర్డ్యూ విశ్వవిద్యాలయానికి పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులూ అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. అంకెలన్నీ డాలర్లలో, మన కోట్ల లెక్కలో ఉన్నాయి.

## ముందు తెలుసుకోవాల్సినవి

గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ లాంటివారే కదా, ఆయనకు బడ్జెట్‌తో ఏం పని?

కాదు. అక్కడ గవర్నర్‌ను జనం నేరుగా ఎన్నుకుంటారు. చేసే పని మన ముఖ్యమంత్రి పనికి దగ్గరగా ఉంటుంది, కాకపోతే శాసనసభలో సభ్యుడు కాడు. ఇండియానాలో ఇంకో విశేషం ఉంది. గవర్నర్ వీటో చేసిన బిల్లును రెండు సభలూ మామూలు మెజారిటీతోనే మళ్లీ నెగ్గించుకోవచ్చు. బడ్జెట్‌లో ఒక పద్దును మాత్రమే కొట్టేసే అధికారం కూడా ఆయనకు లేదు. కాగితం మీద చూస్తే చాలా బలహీనమైన పదవి. అయితే సభ మంజూరు చేసిన డబ్బును శాఖలకు ఎప్పుడు, ఎంత విడుదల చేయాలన్నది గవర్నర్ చేతి కింద ఉండే బడ్జెట్ ఏజెన్సీ చూసుకుంటుంది. డేనియల్స్ ఎనిమిదేళ్లూ బాగా వాడుకున్న తాళం చెవి అదే.

పొదుపరి గవర్నర్ అంటే పన్నులు తగ్గించేవాడనేనా?

ఈయన విషయంలో అలా అనుకుంటే లెక్క తప్పుతుంది. వచ్చిన కొత్తలోనే, 2005లో, ఏడాదికి లక్ష డాలర్లు దాటి సంపాదించేవాళ్ల మీద ఒక్క ఏడాదిపాటు 1 శాతం అదనపు ఆదాయపు పన్ను వేద్దామన్నారు. సొంత పార్టీవాళ్లే ఒప్పుకోలేదు. పన్నుల వ్యతిరేక ఉద్యమానికి పెద్ద తలకాయ అయిన గ్రోవర్ నార్క్విస్ట్ బహిరంగంగా విమర్శించారు. 2007లో సిగరెట్ పన్ను ప్యాకెట్‌కు 44 సెంట్లు పెరిగింది. 2008లో అమ్మకపు పన్ను 6 నుంచి 7 శాతానికి వెళ్లింది. ఆస్తి పన్ను, కార్పొరేట్ పన్ను తగ్గాయన్నది కూడా నిజమే. ముందు జమాఖర్చు సరిపోవాలి, పన్ను తగ్గింపు తర్వాత చూద్దాం అన్న రకం. కాన్సస్ రాష్ట్రంలో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ 2012లో ఆదాయపు పన్ను భారీగా తగ్గించి లోటులో పడ్డారు. చివరికి 2017లో సొంత పార్టీ చేతిలో ఉన్న సభే ఆయన వీటోను తోసిపుచ్చి పన్నులు పెంచింది. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

గవర్నర్ కాకముందు ఏం చేసేవారు?

రిచర్డ్ లూగర్ ఇండియానాపొలిస్ మేయర్‌గా, తర్వాత సెనేటర్‌గా ఉన్నప్పుడు ఆయన దగ్గర పనిచేశారు. రీగన్ శ్వేతసౌధంలో రాజకీయ సలహాదారు. ఆపైన ఇండియానాపొలిస్ మందుల కంపెనీ ఎలై లిల్లీలో పెద్ద ఉద్యోగం. 2001 నుంచి 2003 దాకా జార్జ్ డబ్ల్యూ బుష్ దగ్గర బడ్జెట్ డైరెక్టర్.

బుష్ దగ్గర ఆయన బడ్జెట్ చూసిన కాలంలోనే కేంద్రానికి లోటు వచ్చింది కదా?

వచ్చింది, దాచడానికేమీ లేదు. 2001 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 12,800 కోట్ల డాలర్ల మిగులు ఉండేది. 2003 వచ్చేసరికి దాదాపు 37,800 కోట్ల లోటు. పన్ను తగ్గింపులు, సెప్టెంబర్ 11 దాడులు, ఆర్థిక మందగమనం, యుద్ధాలు అన్నీ కలిసి ఆ పని చేశాయి. వీటిలో చాలావాటిపై ఆయనకు పట్టు లేదు. ఇరాక్ యుద్ధానికి 5,000 నుంచి 6,000 కోట్ల డాలర్లు అవుతుందని 2002 చివర్లో చెప్పిన అంచనా మాత్రం ఆయనదే. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లయింది. ఖర్చులు తెగనరికేవాడని బుష్ ఆయనకు "బ్లేడు" అని ముద్దుపేరు పెట్టారు. ఆ రెండున్నరేళ్లలో ఆ బ్లేడు పెద్దగా తెగలేదనే చెప్పాలి.

అప్పు చేయొద్దని ఇండియానా రాజ్యాంగమే చెబుతోంది, ఇక మిగులు ఉంచడంలో గొప్పేముంది?

మంచి ప్రశ్న. 1836లో ఆ రాష్ట్రం కాలువలూ రైలు మార్గాలూ కడతానని కోటి డాలర్లు ఖర్చు పెట్టేందుకు చట్టం చేసింది. 1841కల్లా వడ్డీ కూడా కట్టలేక చేతులెత్తేసింది. ఆ చేదు అనుభవంతో 1851 రాజ్యాంగంలో రాష్ట్రం అప్పు చేయకూడదని రాసుకున్నారు. కానీ అప్పు వద్దనడం వేరు, ఏటా ఆదాయానికి లోబడి ఖర్చు పెట్టాలనడం వేరు. ఆ రెండో నిబంధన రాజ్యాంగంలోకి వచ్చింది 2018 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాతే. అంతకుముందు ప్రభుత్వాలు పాత నిల్వలు తినేసీ, బడులకూ స్థానిక సంస్థలకూ ఇవ్వాల్సింది వచ్చే ఏడాదికి నెట్టేసీ గట్టెక్కేవి. కాగితం మీద అప్పు లేదు, ఇవ్వాల్సిన బాకీ మాత్రం ఉంది. డేనియల్స్ మూయడానికి చూసింది ఈ సందునే.

## మొదటి రెండేళ్లు: 2005, 2006

ఆయన వచ్చేసరికి ఖజానా నిజంగా ఖాళీయేనా?

ఖాళీ కాదు కానీ ఏళ్ల తరబడి రాబడికన్నా ఖర్చే ఎక్కువగా ఉండేది. లోటు ఎంతన్నది చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. కొందరు 20 కోట్ల డాలర్లంటారు, కొందరు 80 కోట్లంటారు. ఏడాది లోటా, రెండేళ్ల బడ్జెట్ లోటా, బకాయిలు కలిపారా లేదా అన్నదాన్ని బట్టి ఈ తేడా. అందుకే ఒక్క అంకె పట్టుకుని వాదించేవాళ్లను నేను పెద్దగా నమ్మను. బడులకు, విశ్వవిద్యాలయాలకు, స్థానిక సంస్థలకు వెనక్కి నెట్టిన బకాయిలు 70 కోట్ల చిల్లర ఉన్నాయన్నదాంట్లో పెద్ద తగాదా లేదు. మొదటి పదవీకాలంలో వాటిని తీర్చేశారు. నా దృష్టిలో ఆయన రికార్డులో వేలు పెట్టడానికి వీల్లేని పని ఇదే, ఎక్కడా పెద్దగా చెప్పుకోనిదీ ఇదే.

మొదటి రోజే ఉద్యోగ సంఘాల హక్కు తీసేశారట, నిజమా?

బాధ్యతలు తీసుకున్న మర్నాడు. రాష్ట్ర ఉద్యోగులు సంఘం ద్వారా ప్రభుత్వంతో బేరమాడుకునే వీలు 1989లో డెమోక్రాట్ గవర్నర్ ఎవాన్ బై ఇచ్చిన ఉత్తర్వుతో వచ్చింది. చట్టం కాదు కాబట్టి ఇంకో ఉత్తర్వుతో పోయింది. 2011లో విస్కాన్సిన్‌లో గవర్నర్ స్కాట్ వాకర్ ఇలాంటి పని చట్టం ద్వారా చేయబోతే రాజధానిని వేలమంది ముట్టడించారు. ఇండియానాలో ఒక సంతకంతో అయిపోయింది. శాఖల పునర్వ్యవస్థీకరణ, పని బట్టి జీతం, కాంట్రాక్టుకివ్వడం లాంటి తర్వాతి పనులకు ఈ సంతకమే దారి వేసింది. ఉద్యోగుల వైపు నుంచి చూస్తే, ఒక్క రాత్రిలో గొంతు పోయింది.

ఖర్చు ఎక్కడెక్కడ తగ్గించారు?

పెద్ద వాటా సిబ్బందిది. రాష్ట్ర ఉద్యోగులు సుమారు 35 వేల నుంచి 28 వేలకు తగ్గారు. చాలావరకు ఖాళీ అయిన పోస్టులు నింపకపోవడం వల్ల, కొంత పని ప్రైవేటుకు ఇవ్వడం వల్ల. ఉద్యోగుల ఆరోగ్య బీమాలో, సొంత ఖాతాలో డబ్బు ఉంచుకుని అందులోంచి ఖర్చు పెట్టుకునే పద్ధతి తెచ్చారు. కొన్నేళ్లలో 70 శాతానికి పైగా ఉద్యోగులు దానికే మారారు. ప్రభుత్వ కార్ల టైర్ల మీద పెన్నీ నాణేలు పెట్టి, కొన్నాళ్లకు నాణెం కదలని కార్లను గుర్తించారన్న కథ కూడా ఉంది. ఆయన అభిమానులకు ఈ కథంటే మహా ఇష్టం. కార్లు అమ్మితే వచ్చేది చిల్లరే. "పైసా పైసా లెక్క చూస్తున్నాం" అన్న కబురు శాఖలన్నిటికీ చేరడమే అందులో లాభం.

డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులు బాగుపడ్డాయంటారు, అది ఆయన చలవేనా?

క్యూలు తగ్గాయి, చాలా పనులు ఇంటర్నెట్‌లోకి వెళ్లాయి, కొన్ని బ్రాంచిలు మూతపడి చిన్న ఊళ్లవాళ్లకు కోపం తెప్పించాయి. అయితే అదే శాఖ చట్టం చెప్పినదానికంటే ఎక్కువ రుసుములు వసూలు చేసిందని ఆయన దిగిపోయాక కోర్టులో దావా పడింది. 2013లో దాదాపు 3 కోట్ల డాలర్లు డ్రైవర్లకు తిరిగి ఇచ్చేందుకు శాఖ ఒప్పుకుంది.

టోల్ రోడ్డును విదేశీ కంపెనీలకు అమ్మేశారా?

అమ్మలేదు, 75 ఏళ్లకు లీజుకిచ్చారు. ఒహాయో సరిహద్దు నుంచి షికాగో వైపు రాష్ట్రం ఉత్తరపు అంచున సాగే 157 మైళ్ల రోడ్డు అది. స్పెయిన్‌కు చెందిన సింట్రా, ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ కలిసి 2006లో 380 కోట్ల డాలర్లకు పైగా ఒకేసారి చెల్లించాయి. అంతకు ముందు ఏడాది షికాగో స్కైవే అనే టోల్ రోడ్డు లీజు తీసుకున్నదీ ఈ రెండే.

పొలం కౌలుకిచ్చి 75 ఏళ్ల కౌలు ఒక్కరోజే చేతిలో పోయించుకున్నట్టు. ఆ డబ్బుతో ఏం చేశావన్నదే ప్రశ్న. పండగలకు ఖర్చు పెట్టుకుంటే మనవళ్లు తిడతారు, బావి తవ్విస్తే తలుచుకుంటారు. డేనియల్స్ ఆ డబ్బును రోజువారీ బడ్జెట్‌లో కలపలేదు. ఇది ముఖ్యం, చాలామంది తప్పుగా చెప్పేదీ ఇక్కడే. పాత బాండ్ల బాకీ తీర్చి, 50 కోట్లు ఒక నిధిలో వేసి, మిగతాది పదేళ్ల రోడ్ల కార్యక్రమానికి పెట్టారు. ఎవాన్స్‌విల్ వైపు నుంచి పైకి సాగిన ఐ-69 రహదారి, కార్మెల్ పక్కనుంచి పోయే యూఎస్ 31 విస్తరణ, లఫాయెట్–ఫోర్ట్ వేన్ దారి ఆ డబ్బుతో ముందుకు కదిలినవే. కార్మెల్‌లో ఉండే తెలుగువాళ్లలో చాలామంది రోజూ ఆ లీజు డబ్బు మీదుగానే ఆఫీసుకు వెళ్తున్నారు.

రెండో వైపు కూడా చూడాలి. వాహనదారులకు టోల్ పెరిగింది. 2008 వరదల్లో జనాన్ని టోల్ లేకుండా వదిలినందుకు రాష్ట్రమే కంపెనీకి 4 లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. పదేళ్ల డబ్బు అయిపోగానే రోడ్లకు మళ్లీ నిధుల కరువు. 2017లో గవర్నర్ ఎరిక్ హోల్‌కోంబ్ పెట్రోలు పన్ను గ్యాలన్‌కు 10 సెంట్లు పెంచారు. 2018లో ట్రక్కులకు టోల్ 35 శాతం పెంచుకోనిచ్చి అదే కంపెనీ దగ్గర మరో 100 కోట్లు తీసుకున్నారు. 75 ఏళ్ల కౌలులో అప్పటికి గడిచింది పన్నెండేళ్లే.

అంటే హైదరాబాద్ ఓఆర్ఆర్ లీజు లాంటిదేనా?

పద్ధతి అదే. ప్రభుత్వం కట్టిన రోడ్డు మీద టోల్ వసూలు హక్కు ఇచ్చి, ముందే గుత్తగా డబ్బు తీసుకోవడం. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్‌ను 2023లో 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఐఆర్‌బీ కంపెనీకి ఇచ్చారు. ఇండియానాది 75 ఏళ్లు. గడువు పొడవైనకొద్దీ చివరి ఏళ్ల రాబడికి ఇవాళ కట్టే ధర నామమాత్రమవుతుంది. ఇండియానా ఒప్పందానికి శాసనసభ ఓటేయాల్సి వచ్చింది. ఆ కోపం 2006 నవంబర్ ఎన్నికల్లో బయటపడి, దిగువ సభ రిపబ్లికన్ల చేయి జారింది.

లీజు తీసుకున్న కంపెనీ దివాలా తీసింది కదా, రాష్ట్రం మునగలేదా?

రాష్ట్రం మునగలేదు. మునిగింది అప్పులిచ్చినవాళ్లు. అనుకున్నంత ట్రాఫిక్ రాకపోవడంతో కంపెనీ 2014 సెప్టెంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది. 2015లో ఆస్ట్రేలియా పెన్షన్ నిధుల సొమ్ముతో నడిచే ఐఎఫ్ఎం ఇన్వెస్టర్స్ 572 కోట్ల డాలర్లకు లీజు కొనుక్కుంది. తీసుకున్న డబ్బులో ఇండియానా ఒక్క సెంటు కూడా వెనక్కి ఇవ్వలేదు. "అంత ధర వచ్చిందంటే మనం తక్కువకు ఇచ్చామా?" అని కొందరు అప్పుడు అడిగారు. 2006లో ఇంకెవరూ అంతకంటే ఎక్కువ ఇస్తామనలేదన్నది డేనియల్స్ వైపు జవాబు.

## ఐబీఎం, ఆస్తి పన్ను, రెండో గెలుపు: 2007 నుంచి 2008

సంక్షేమ పథకాలను ఐబీఎంకి అప్పగించి చేతులు కాల్చుకున్నారట, ఏం జరిగింది?

మెడికెయిడ్ (పేదల ఆరోగ్య బీమా), ఫుడ్ స్టాంపులు (తిండి ఖర్చుకు సాయం), పేద కుటుంబాల భృతికి ఎవరు అర్హులో తేల్చే పనిని 2006 చివర్లో పదేళ్లకు ఐబీఎం బృందానికి ఇచ్చారు. విలువ దాదాపు 130 కోట్ల డాలర్లు. అప్పటిదాకా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో ఎదురుగా కూర్చున్న ఉద్యోగి చూసే దరఖాస్తు కాల్ సెంటర్‌కు, ఫ్యాక్స్‌కు మారింది. కాగితాలు తప్పిపోయాయి, ఫోన్లు కలవలేదు, "సహకరించలేదు" అన్న ముద్రతో ముసలివాళ్లకూ జబ్బుపడ్డవాళ్లకూ సాయం ఆగిపోయింది. సొంత పార్టీ సభ్యుల దగ్గరికే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2009 అక్టోబర్‌లో డేనియల్స్ కాంట్రాక్టు రద్దు చేశారు.

ఆ తర్వాత కోర్టు కథ ఏళ్లకేళ్లు నడిచింది. 2012లో కింది కోర్టు రాష్ట్రమే ఐబీఎంకి 5 కోట్ల పైచిలుకు కట్టాలంది. 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పందాన్ని ఉల్లంఘించింది ఐబీఎమ్మేనని తేల్చింది. 2017లో రాష్ట్రానికి 12.8 కోట్ల నష్టపరిహారం ఖరారైంది. ఐబీఎంకి ఇవ్వాల్సింది మినహాయిస్తే చేతికి మిగిలేది 7.8 కోట్ల లెక్క. ఆయన రికార్డులో పెద్ద మచ్చ ఇదే అనుకుంటాను. రోడ్డు లీజుకిస్తే నష్టపోయేది మదుపరి. ఆకలిగా ఉన్నవాడి దరఖాస్తు లీజుకిస్తే నష్టం ఎవరిదో ముందే తెలియాల్సింది.

ఇంటి మీద 1 శాతం పన్ను పరిమితి ఆయన తెచ్చిందేనా? మరి మా బిల్లు ఏటా ఎందుకు పెరుగుతోంది?

ఆయన కాలంలోదే. 2007లో ఇండియానాపొలిస్‌లో ఆస్తి పన్ను బిల్లులు చూసి జనం రోడ్డెక్కారు. ఆ నవంబర్‌లో మేయర్ బార్ట్ పీటర్సన్ అందరూ ఆశ్చర్యపోయేలా ఓడిపోయారు. 2008లో వచ్చిన చట్టం ప్రకారం సొంతంగా నివసించే ఇంటికి దాని మదింపు విలువలో 1 శాతం, అద్దె ఇళ్లకూ సాగుభూములకూ 2 శాతం, వ్యాపార ఆస్తులకు 3 శాతం మించి పన్ను వేయకూడదు. 2010 నవంబర్‌లో దాదాపు 72 శాతం ఓటర్లు దీన్ని రాజ్యాంగంలో చేర్చారు.

మీ బిల్లు పెరగడానికి రెండు దారులున్నాయి. పరిమితి ఉన్నది శాతానికే, ఇంటి విలువకు కాదు. మదింపు విలువ పెరిగితే 1 శాతం కూడా పెరుగుతుంది. రెండోది, మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఓటింగ్ పెట్టి నెగ్గించుకున్న అదనపు పన్ను ఈ పరిమితి లోపలికి రాదు. బడులు బాగున్న ఊరని ఇల్లు కొన్నచోట ఇది మామూలే. అద్దెకిచ్చిన ఇంటికి 2 శాతం వర్తిస్తుందన్నది కొన్నవాళ్లలో చాలామంది మొదటి బిల్లు వచ్చేదాకా గమనించరు.

ఆస్తి పన్ను తగ్గించి అమ్మకపు పన్ను పెంచితే భారం పేదవాళ్ల మీద పడదా?

పడుతుంది. 2008 ఏప్రిల్ 1 నుంచి అమ్మకపు పన్ను 7 శాతం. ఇల్లున్నవాడికి ఆస్తి పన్ను తగ్గి, అద్దెకుండేవాడికి ఆ లాభం పూర్తిగా అందక, దుకాణంలో మాత్రం ఇద్దరూ ఒకే పన్ను కట్టారు. వంటకు కొనే సరుకుల మీద ఆ పన్ను లేకపోవడం కాస్త ఊరట. అదనంగా వచ్చిన డబ్బుతో బడుల రోజువారీ ఖర్చును రాష్ట్రమే భరించడం మొదలుపెట్టింది. ఇంకో దెబ్బ తగిలింది ఊళ్లకు. గ్యారీ, మన్సీ లాంటి చోట్ల ఆస్తుల విలువే తక్కువ, రేట్లు ఎక్కువ. పరిమితి రాగానే వాటి రాబడి కోసుకుపోయింది. రాష్ట్రం లెక్క బాగుపడుతుంటే మున్సిపాలిటీల లెక్క ఎలా ఉందో అడగడం మర్చిపోకూడదు.

బీమా లేని పేదల కోసం ఏమైనా చేశారా?

చేశారు. 2008 జనవరిలో హెల్దీ ఇండియానా ప్లాన్ మొదలైంది. ఖర్చు సిగరెట్ పన్ను నుంచి. ఒక్కొక్కరికి 1,100 డాలర్ల ఆరోగ్య ఖాతా, అందులో లబ్ధిదారు తన ఆదాయాన్ని బట్టి నెలనెలా కొంత వేయాలి, మిగతాది ప్రభుత్వం వేస్తుంది. చేరినవాళ్లు మెచ్చుకున్నారు. కానీ నిధులకు హద్దు ఉండడంతో చాలామంది బయటే నిలబడిపోయారు.

2008లో ఒబామా గెలిచిన రాష్ట్రంలో ఈ రిపబ్లికన్ ఎలా నెగ్గారు?

1964 తర్వాత మొదటిసారి ఇండియానా డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థి వైపు మొగ్గింది ఆ ఏడాదే, అదీ వెంట్రుకవాసిలో. డేనియల్స్ మాత్రం జిల్ లాంగ్ థాంప్సన్ మీద 58 శాతం ఓట్లతో సునాయాసంగా గెలిచారు. అంటే లక్షల మంది ఒబామాకూ ఈయనకూ కలిపి ఓటేశారు. ఆస్తి పన్ను తగ్గింపు అప్పుడే చేతికి అందింది, రోడ్డు పనులు కళ్ల ముందు నడుస్తున్నాయి. పైగా ప్రచార వాహనంలో ఊరూరా తిరిగి సామాన్యుల ఇళ్లలో పడుకునే అలవాటు ఆయనకు 2004 నుంచీ ఉంది.

## మాంద్యం: 2009 నుంచి 2011

పక్క రాష్ట్రాలు పన్నులు పెంచుతుంటే ఈయన పెంచకుండా ఎలా గట్టెక్కారు?

మూడు ఊతకర్రలతో. అంతకుముందు దాచిన నిల్వ మొదటిది. శాఖలకు మంజూరైన డబ్బులో కొంత విడుదల చేయకుండా బిగపట్టడం, జీతాలు పెంచకపోవడం రెండోది. మూడోది ఒబామా ప్రభుత్వం పంపిన ఉద్దీపన సొమ్ము. దాన్ని ఆయన విమర్శించారు, తీసుకున్నారు కూడా. 2011లో పక్కనున్న ఇలినాయ్ వ్యక్తిగత ఆదాయపు పన్నును 3 నుంచి 5 శాతానికి పెంచింది. ఇండియానాలో అది 3.4 దగ్గరే ఉంది. కంపెనీలను ఇటు లాగడానికి డేనియల్స్ ఆ తేడాను చాటుకోని రోజు లేదు.

బడులకు 30 కోట్ల డాలర్లు కోసేశారన్నది నిజమేనా?

నిజం. 2009 డిసెంబర్‌లో, విద్యాసంవత్సరం మధ్యలో. విశ్వవిద్యాలయాలకు మరో 15 కోట్లు కోత. రాష్ట్ర ఖర్చులో సగానికి దగ్గరగా బడులదే కాబట్టి అక్కడ ముట్టుకోకుండా ఆ ఏడాది లెక్క కుదరదన్నది ఆయన వాదన, అంకెగా చూస్తే కాదనలేం. ఉపాధ్యాయులు ఇళ్లకు వెళ్లారు, తరగతులు నిండిపోయాయి. రాబడి తిరిగొచ్చాక ఖజానాలో నిల్వ పెరిగినంత వేగంగా బడులకు ఆ డబ్బు తిరిగి రాలేదన్న కోపం ఉపాధ్యాయుల్లో ఇప్పటికీ ఉంది. అది న్యాయమైన కోపమే.

అప్పు లేని రాష్ట్రం అంటారు, నిరుద్యోగ భృతికి కేంద్రం దగ్గర చేసిన అప్పు సంగతేంటి?

దీన్ని ఎవరూ ప్రస్తావించరు. మాంద్యంలో నిరుద్యోగం 10 శాతం దాటింది. భృతి నిధి మాంద్యానికి ముందే బలహీనంగా ఉంది, వట్టిపోయింది. కేంద్రం దగ్గర తీసుకున్న అప్పు దాదాపు 200 కోట్ల డాలర్లకు చేరింది. ఆ నిధి సాధారణ ఖజానా లెక్కలో రాదు కాబట్టి మిగులు ప్రకటనల్లో కనిపించదు. 2011లో భృతి తగ్గించి, యజమానుల చందా పెంచి చట్టం చేశారు. అప్పు పూర్తిగా తీరింది 2015లో, ఆయన దిగిపోయాక.

ట్రిపుల్ ఏ రేటింగ్ వస్తే సామాన్యుడికి ఒరిగేదేంటి?

అప్పు తీర్చే సత్తాకు రేటింగ్ సంస్థలు ఇచ్చే అత్యున్నత మార్కు అది. ఇండియానాకు చరిత్రలో మొదటిసారి 2008లో ఎస్ అండ్ పీ సంస్థ ఆ రేటింగ్ ఇచ్చింది. 2010కల్లా ఫిచ్, మూడీస్ కూడా ఇచ్చాయి. రాష్ట్రం పేరుతో నేరుగా అప్పు చేయడం కుదరకపోయినా, రాష్ట్ర సంస్థలు బాండ్లు అమ్ముతాయి. వాటికి వడ్డీ తగ్గుతుంది. అంతకు మించి ఆశించకండి.

## చివరి రెండేళ్లు: 2011, 2012

ఖజానాలో 50 కోట్ల డాలర్లు "దొరికాయి" అన్నారు, డబ్బు ఎలా తప్పిపోతుంది?

కంప్యూటర్ ప్రోగ్రాం తప్పు వల్ల. ఇంటర్నెట్ ద్వారా కంపెనీలు కట్టిన ఆదాయపు పన్ను కొంత, ఏళ్ల తరబడి ఖజానా లెక్కలో చేరకుండా ఒక ఖాతాలో ఉండిపోయింది. 2011 డిసెంబర్‌లో బయటపడిన మొత్తం 32 కోట్లు. నాలుగు నెలలకు, కౌంటీలకు పంచాల్సిన 20.6 కోట్లు పంచలేదని ఇంకోటి తేలింది. రెవెన్యూ శాఖ అధిపతి రాజీనామా చేశారు. ఆ డబ్బు మూలనపడి ఉన్న కాలంలోనే బడులకు 30 కోట్ల కోత పడింది. పైసా పైసా లెక్క చూస్తానన్న ప్రభుత్వానికి దీన్ని మించిన తలవంపు లేదు. పోల్చి చూడండి, రెండు అంకెలూ దాదాపు సమానం.

111 డాలర్లు వెనక్కి ఇచ్చారట, ఎందుకు?

నిల్వలు ఒక హద్దు దాటితే అదనంలో సగం పెన్షన్ నిధులకు, సగం పన్ను కట్టినవాళ్లకు పోవాలని 2011లో చట్టం చేశారు. 2012 జూన్‌కల్లా నిల్వలు 200 కోట్లు దాటాయి. తర్వాతి రిటర్నుల్లో తలకు 111 డాలర్లు, దంపతులకు 222 తగ్గింపుగా వచ్చాయి.

రైట్ టు వర్క్ చట్టం తేనని చెప్పి మాట తప్పారా?

సంఘం ప్రాతినిధ్యం వహిస్తున్నా చందా కట్టాలని ఉద్యోగిని బలవంతపెట్టకూడదన్నది ఆ చట్టం సారాంశం. 2006లో కార్మికులతో మాట్లాడుతూ ఉన్న చట్టాలు చాలు, మార్చే ఉద్దేశం లేదన్నారు. 2011లో ఆ బిల్లు వస్తే డెమోక్రాట్ సభ్యులు కోరం లేకుండా చేసేందుకు ఇలినాయ్‌లోని అర్బానాకు వెళ్లి అయిదు వారాలకు పైగా కూర్చున్నారు. అప్పటికి ఇది సమయం కాదని ఆయనే సర్దిచెప్పారు. 2012 ఫిబ్రవరి 1న సంతకం చేశారు, ఇండియానాపొలిస్‌లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్)కు నాలుగు రోజుల ముందు. మాట తప్పారనే అంటాను.

అంత పేరుంటే అధ్యక్ష పదవికి ఎందుకు పోటీ చేయలేదు?

2011 మే నెలలో కుటుంబం ఒప్పుకోలేదని చెప్పి తప్పుకున్నారు. ఇండియానాలో మూడోసారి గవర్నర్‌గా వెంటనే పోటీ చేసే వీలు కూడా లేదు. పన్నెండేళ్లలో ఎనిమిదేళ్లకు మించి ఉండకూడదని రాజ్యాంగం. తర్వాత మైక్ పెన్స్ వచ్చారు.

## ఆ తర్వాత

మిగులు ఆయన గొప్పతనమేనా, లేక అదృష్టమా?

నిల్వల్లో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడండి. టోల్ రోడ్డు డబ్బు ఆ మిగులులో లేదు, అది రోడ్లకు పోయింది. సిబ్బంది తగ్గింపు ఏటా మిగిలే పొదుపు. బడుల కోత వేరేవాళ్ల జేబులోంచి వచ్చింది. ఉద్దీపన సొమ్ము ఢిల్లీ నిధుల్లాగా వాషింగ్టన్ పంపింది. దొరికిన 32 కోట్లు ఎప్పుడూ పోనివే. ఇన్ని మినహాయించాక కూడా ఖర్చును రాబడి లోపల ఉంచే అలవాటు మిగులుతుంది. ఆయన వెనకే వచ్చిన ఇద్దరు గవర్నర్లూ, పెన్స్, హోల్‌కోంబ్, ఆ అలవాటును వదల్లేదు. మరోపక్క ఇండియానా తలసరి ఆదాయం ఆయన వచ్చినప్పుడూ జాతీయ సగటు కంటే తక్కువే, వెళ్లినప్పుడూ తక్కువే. ఖజానా బాగుపడితే జీతాలు వాటంతటవే పెరుగుతాయన్న ఆశ అక్కడ నెరవేరలేదు.

పర్డ్యూలో ఫీజు ఏళ్లుగా పెరగలేదంటారు, అది ఈయన పనేనా? మా అబ్బాయికి వర్తిస్తుందా?

అవును. 2013 జనవరిలో గవర్నర్ పదవి దిగి నేరుగా పర్డ్యూ అధ్యక్షుడయ్యారు. ఆయన్ను ఎంపిక చేసిన ధర్మకర్తల మండలిలో ఎక్కువమంది గవర్నర్‌గా ఆయన నియమించినవాళ్లే, అప్పట్లో దీని మీద విమర్శలొచ్చాయి. 2013–14 నుంచి వెస్ట్ లఫాయెట్ ప్రాంగణంలో ట్యూషన్ ఫీజు కదలకుండా ఆపారు. ఇండియానా విద్యార్థులకు ఏడాదికి 10 వేల డాలర్లకు కాస్త తక్కువ, బయటి రాష్ట్రాలవాళ్లకు 28,800 దరిదాపు. ఆయన 2022 చివర్లో వెళ్లిపోయాక కూడా అది కొనసాగింది. ఫీజు ఆపి ఆదాయం ఎలా పెంచారంటే, విద్యార్థుల సంఖ్య పెంచారు. ఆ పెరుగుదలలో బయటి రాష్ట్రాల పిల్లల వాటా పెద్దది. ఊళ్లో అద్దె ఇళ్ల కటకట అందుకే.

భారత్ నుంచి నేరుగా వచ్చే విద్యార్థి బయటి రాష్ట్రాల ఫీజుతోపాటు అంతర్జాతీయ విద్యార్థుల అదనపు రుసుము కూడా కట్టాలి. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ లాంటి కోర్సులకు వేరే రుసుములుంటాయి. ఇంటి అద్దె, తిండి, బీమా ఈ ఆపిన లెక్కలోకి రావు. విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద వేసే మొత్తం ఖర్చునే చూసుకుని బ్యాంకు లోనుకు వెళ్లండి.